మాణిక్యమ్మ ఎదురు

ఆ పొద్దున హైమవతి తండ్రిని మళ్లీ చంపారు.

స్టూడియోలో వేసిన కాలువ వంతెన మీద జీపు ఆగింది. అడ్డంగా నిలబెట్టిన గడ్డి ట్రాక్టరు వెనక నుంచి ముగ్గురు కత్తులతో దూకారు. ఖద్దరు చొక్కా వేసుకున్న నటుడు పరంధామ్ "ఎవర్రా మీరు?" అంటూ సగం లేచి సీట్లోనే పక్కకి ఒరిగాడు. డైరెక్టర్ బెనర్జీ కట్ చెప్పగానే చచ్చినాయన లేచి కూర్చుని, చక్కెర లేని టీ తెమ్మన్నాడు.

హైమవతి అటు చూడనే లేదు. పక్కగదిలో మాజీ మంత్రి పున్నారావు తలకి తీగల టోపీ పెట్టుకుని, తీసిన దృశ్యాన్ని టీవీలో చూస్తున్నాడు. ఆ టోపీలోంచి వచ్చి తెర మీద పాకుతున్న పచ్చటి గీత మీదే ఆమె ప్రాణమంతా ఉంది.

ఆ టోపీని కనిపెట్టింది ఆమే. చూపిస్తున్నది మనిషి జ్ఞాపకంతో సరిపోతే గీత నున్నగా సాగిపోతుంది. సరిపోకపోతే, ఆ మనిషి నోరు విప్పకపోయినా సరే, గీత మీద ముల్లులాంటిది లేస్తుంది. అన్నం తింటుంటే పంటికింద రాయి తగిలి నోరు ఆగినట్టన్నమాట. ముల్లు లేచిన చోటల్లా బెనర్జీ దృశ్యం మారుస్తాడు. మొదట ఎడ్లబండి పెట్టారు, ముల్లు లేచింది. గడ్డి ట్రాక్టరు పెట్టారు, అణిగింది. ఇలా ఒక్కో ముల్లూ పీక్కుంటూ పోతే చివరికి మిగిలేది నిజం. ఆ నిజాన్ని 'వేటవరం హత్య' అన్న పేరుతో డాక్యుడ్రామాగా వెయ్యాలని ఒక వార్తా చానల్ ముందుకొచ్చింది. ఎన్నికలు దగ్గర పడ్డాయి మరి, చానల్‌కి మాత్రం నిజం మీద ఊరికే ప్రేమ పుడుతుందా?

ముప్పై ఏళ్ల కింద హైమవతి తండ్రి చిదంబరయ్య నామినేషన్ వెయ్యడానికి బయల్దేరి వేటవరం వంతెన మీద హత్యకు గురయ్యాడు. దొరికిన ఒక్క హంతకుడూ ఎవరు పంపారో చెప్పకుండానే జైల్లో పోయాడు. చిదంబరయ్యకి కుడిభుజంగా తిరిగిన పున్నారావు ఆనాడు జీపులో ఆయన పక్కనే ఉండి, కత్తికి అరచెయ్యి అడ్డం పెట్టాడు. పోయినాయన టికెట్టు ఆయనకే వచ్చింది. ఆ అరచేతి మచ్చ చూపించుకుంటూ గెలిచాడు, మంత్రి కూడా అయ్యాడు. అప్పుడు నాలుగో తరగతి చదువుతున్న హైమవతి ఆ టికెట్టు సంగతి విన్న రోజునే మనసులో తీర్పు రాసేసుకుంది. పగకి పాము పేరు పెట్టారు గానీ, పామేం గుర్తు పెట్టుకుంటుంది! తండ్రిని పోగొట్టుకున్న ఆడపిల్ల గుర్తు పెట్టుకున్నట్టు ఏ పామూ పెట్టుకోదు.

తెర మీద పున్నారావు వేషగాడు కత్తిని అరచేత్తో పట్టుకున్నాడు. 'లే' అనుకుంది హైమవతి పళ్లు బిగించి. ముల్లు లేవలేదు. గీత నూనె రాసినట్టు సాగిపోయింది.

"అచ్చం అట్టాగే జరిగింది తల్లీ." పున్నారావు టోపీ తీసి, వంగని రెండు వేళ్లతోనే కళ్లు తుడుచుకున్నాడు. "అన్నని మళ్లీ చూసినట్టే ఉంది."

"సంతోషం పున్నారావు గారూ" అంది హైమవతి. చిన్నప్పుడు బాబాయ్ అనేది. చెయ్యి అడ్డం పెట్టడమూ నాటకంలో భాగమే అయ్యుంటుందని ఆమె ఆ క్షణంలోనే సర్దుకుంది. కావాలనుకున్న మాటకి మనసెప్పుడూ కారణం వెతికి పెడుతుంది.

ఆమె ఆశ ఇంకో సాక్షి మీద ఉంది.

చిదంబరయ్య శకునాలు నమ్మేవాడు కాదు. భార్య రాజ్యలక్ష్మి నమ్మేది. ఆవిడ కోసం ఆయన, పెద్ద పని మీద వెళ్లేటప్పుడు ముత్తైదువ నీళ్లబిందెతో ఎదురొస్తేగానీ గడప దిగేవాడు కాదు. పెరటిగోడ అవతల కాపురమున్న దర్జీ భార్య మాణిక్యమ్మ ఆ ఎదురు వచ్చేది. ఆ సోమవారం ఎనిమిదింటికి తుపాకులున్న ఇద్దరు కానిస్టేబుళ్లు రావాలి. వాళ్లు రాకముందే మాణిక్యమ్మ బిందెతో వాకిట్లోకి వచ్చింది. ఎదురొచ్చింది కదా అని చిదంబరయ్య జీపెక్కాడు. వంతెన దగ్గర కాపు కాసినవాళ్లకి కాపలా లేని జీపు దొరికింది.

నిన్నెవరు ముందుగా రమ్మన్నారని పోలీసులు అడిగారు, ఊరు అడిగింది. "ఎవరూ పిలవలా, నేనే వచ్చా" అన్నదే మాణిక్యమ్మ జవాబు. దాని ఎదురే ఆయన్ని మింగిందని ఊరు తేల్చేసింది. మొగుడు బతికుండగానే ఆమెను పేరంటాలకి పిలవడం మానేశారు. పెళ్లివారి బండి కనబడితే ఆమే సందులోకి తప్పుకునేది.

హైమవతి ఆమెను హైదరాబాదు తీసుకొచ్చి టోపీ పెట్టింది. "నాకు ఈ టోపీలూ అవీ ఏంది తల్లీ" అంటూనే, చిదంబరయ్య గారి పిల్ల అడిగిందని కూర్చుంది. ఎవరూ పిలవకుండానే బిందె ఎత్తుకున్నట్టు తీసిన దృశ్యం చూపించారు. ముల్లు లేచింది! ఎవరో పిలిచారన్నమాట. జీపు డ్రైవర్ పిలిచినట్టు చూపించారు, లేచింది. పక్కింటి పాలేరు, కానిస్టేబులు, ముక్కూమొహం తెలియని మనిషి, అందరికీ లేచింది. చివరికి హైమవతి గుండె చిక్కబట్టుకుని పున్నారావు పిలిచినట్టు చూపించింది, నమ్మలేక రెండోసారి కూడా వేసింది.

అన్నిటికంటే పొడుగాటి ముల్లు లేచింది.

*

ల్యాబ్ తలుపు మీద హైమవతి తన చేత్తో రాసి అంటించిన కాగితం ఒకటుంది: 'ఒక మనిషికి ఒక అబద్ధాన్ని రెండుసార్లకు మించి చూపరాదు.'

దాని వెనక ఒక రిటైర్డ్ పోస్ట్‌మాస్టర్ కథ ఉంది. తొలిరోజుల్లో పరీక్షలకి వచ్చిన ఆయనకి తన పెళ్లి దృశ్యాన్నే, పెళ్లికూతురి చీర రంగు మార్చి పదేపదే చూపించారు. జ్ఞాపకాన్ని బయటికి తీసిన ప్రతిసారీ అది తడిమట్టిలా మెత్తబడుతుందని, ఆరేలోపు ఏ ముద్ర పడితే అదే నిలిచిపోతుందని అప్పటికి ఎవరికీ తెలియదు. ముల్లు రోజురోజుకీ మొద్దుబారింది. ఆయన ఇంటికి పోయి, నీ పెళ్లిచీర ఆకుపచ్చది కదా అని భార్యతో పోట్లాడాడు. ఆవిడ పెట్టెలోంచి ఎర్రచీర తీసి చూపిస్తే, ఇదెవరిది అన్నాడట. పాపం, పెద్దాయన మళ్లీ మామూలు కాలేదు. ఆ రాత్రి హైమవతి ఏడ్చి ఈ కాగితం రాసింది.

ఇప్పుడు ఆ తలుపునే లోపలినుంచి గడియ పెట్టి, మాణిక్యమ్మకి పున్నారావు దృశ్యం మూడోసారి వేసింది.

"ఇదేందమ్మా, చూసిందే చూపిస్తన్నావు?"

"ట్రయల్ అత్తా. మిషన్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసుకోవాలి."

మరుసటి రోజూ ట్రయలే, ఆ మరుసటి రోజూ ట్రయలే. తెర మీద తలుపు చప్పుడవుతుంది. వయసులో ఉన్న పున్నారావు పెరటి తలుపు దగ్గర నిలబడి, "అన్న బయల్దేరుతున్నాడు, బిందె తీసుకురా మాణిక్యం" అంటాడు. మొదట్లో మాణిక్యమ్మ చేతులు కుర్చీని గట్టిగా పట్టుకునేవి. "కాదమ్మా, ఈయన కాదు" అనేది. మరెవరంటే పెదవి బిగించేసేది. కొన్నాళ్లకి కాదు అనడం మానేసి, కళ్లు చిట్లించి చూడటం మొదలుపెట్టింది. ముల్లు ముందు పల్లేరుకాయంత అయింది, తర్వాత నువ్వుగింజంత అయింది.

హైమవతికి జాలి వెయ్యలేదా అంటే వేసింది. అయినా ఆమె వాదన ఆమెకుంది. పిలిచింది వాడే, ముసలమ్మ భయపడి దాచుకుంది, భయం వల్ల ముల్లు లేస్తోంది, నేను అబద్ధం నాటడం లేదు, భయం పీకుతున్నాను. తెలివైనవాళ్లు తప్పు చేస్తే వచ్చే చిక్కే ఇది, అడుగడుక్కీ ఒక సిద్ధాంతం దొరుకుతుంది.

తల్లి రాజ్యలక్ష్మి ఆమె దగ్గరే ఉంటోంది. ఒకరోజు అన్నం వడ్డిస్తూ, "మాణిక్యాన్ని ఇంటికి పంపించెయ్యవే. అది పడ్డది చాలు" అంది.

"దాని వల్లే కదమ్మా నాన్న పోయింది. నీకు దాని మీద జాలేంటి?"

రాజ్యలక్ష్మి గరిటె గిన్నెలో వదిలేసి లోపలికి వెళ్లిపోయింది. పాత గాయం రేగిందనుకుంది హైమవతి, మజ్జిగ తనే పోసుకుంది.

చివరిరోజున గీత మీద ఏమీ లేవలేదు. నున్నగా సాగింది. మాణిక్యమ్మ తనంతట తనే టోపీ తీసి, ఆశ్చర్యంగా చూసింది.

"పున్నారావే కదమ్మా! తలుపు కొట్టి పిలిచాడు. ఇన్నేళ్లూ ఎట్టా మర్చిపోయాను?"

హైమవతి ఆమెను వాటేసుకుంది. ముప్పై ఏళ్లుగా కడుపులో రగిలినదేదో చల్లబడింది.

*

ప్రసారం రోజున పున్నారావుని ప్రత్యేక అతిథిగా స్టూడియోలోనే కూర్చోబెట్టారు. ఆయన కొత్త ఖద్దరు కట్టుకుని, మచ్చ కనబడేట్టు చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కత్తికి చెయ్యి అడ్డంపెట్టిన దృశ్యానికి ప్రేక్షకులు చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత పెరటి తలుపు చప్పుడైంది.

తన మొహంతో ఉన్న కుర్రవాడు తెర మీద మాణిక్యమ్మను పిలుస్తుంటే పున్నారావుకి మొదట అర్థం కాలేదు. తెరకి ఒక పక్క మాణిక్యమ్మ గీత నున్నగా పాకుతోంది. ఇంకో పక్క మాణిక్యమ్మే స్వయంగా కూర్చుని తల ఊపుతోంది. అర్థమయ్యాక ఆయన లేచి నిలబడ్డాడు.

"అబద్ధం! నేను తెల్లారుజామునుంచీ చిదంబరన్న వాకిట్లోనే ఉన్నాను. ఆ టోపీ నాకు పెట్టండి. ఈ సీను నాకు చూపించండి. అమ్మాయీ, హైమా, నాకు పెట్టమ్మా!"

పెడితే ముల్లు లేస్తుందని హైమవతికి ఎక్కడో తెలుసు. "సమయం లేదండీ, లైవ్‌లో ఉన్నాం" అంది చాలా మర్యాదగా. ఆ మర్యాద పలుకుతున్నప్పుడు ఆమెకి కలిగిన సుఖం అంతా ఇంతా కాదు. ఎన్ని దీపావళులు తండ్రి లేకుండా గడిచాయో అన్నిటికీ కలిపి ఆ ఒక్కమాటలో కక్ష తీర్చుకుంది.

తెల్లారేసరికి పార్టీ ఆయన్ని వదిలేసింది. ఇంటిమీద రాళ్లు పడ్డాయి. వేటవరంలో ఆయన ఫోటోకి చెప్పుల దండ వేశారు. పోలీసులు జీపెక్కిస్తుంటే ఎవరో గుంపులోంచి ఇటుక విసిరారు, ఆయన అలవాటుగా అరచెయ్యి అడ్డం పెట్టాడు. చానల్ ఆ ముక్కని రోజంతా వేస్తూనే ఉంది. హైమవతి రోజంతా చూస్తూనే ఉంది. సాయంత్రానికి ఆస్పత్రి నుంచి వార్త వచ్చింది, ఆయనకి పక్షవాతం వచ్చి మాట పడిపోయిందట.

"తగిన శాస్తి" అంది హైమవతి పైకే.

వెనక తల్లి నిలబడి ఉంది. ప్రోగ్రాం మొదలైనప్పటి నుంచీ ఆవిడ హాల్లోకి రాలేదు, ఫోను ముట్టుకోలేదు, వంటింటి గుమ్మం దాటలేదు. ఇప్పుడు వచ్చి కూతురి చేతిలోంచి రిమోట్ తీసుకుని, తెరవైపు చూడకుండానే టీవీ కట్టేసింది.

"మాణిక్యాన్ని పిలిచింది నేనే హైమా."

"ఏంటమ్మా?"

"ఆవేళ సోమవారం. ఏడున్నరకి రాహుకాలం వస్తుంది. ఆయన కానిస్టేబుళ్లు వచ్చాకే వెళ్తానని కూర్చున్నాడు. వాళ్లు ఎనిమిదింటికి గానీ రారు. నామినేషన్‌కి రాహుకాలంలో గడప దాటడమేంటని నాకు గుబులు పుట్టింది. పెరటిగోడ మీద నుంచి మాణిక్యాన్ని పిలిచాను, త్వరగా బిందె ఎత్తుకోవే అన్నాను. అది ఎదురొచ్చింది, ఆయన నవ్వి, సరే పద అని లేచాడు. వెళ్లొస్తానని నీ బుగ్గ గిల్లి మరీ వెళ్లాడు."

"అబద్ధం. వాణ్ని కాపాడాలని చెప్తున్నావు."

"శవం ఇంటికి రాకముందే మాణిక్యం కాళ్లు పట్టుకున్నానే. మీ నాయనమ్మ సంగతి నీకు తెలీదు, ఆవిడకి తెలిస్తే నన్ను నిలువునా నరికేది. నా పిల్ల మొహం చూసి నోరు విప్పబాకే అన్నాను. అది నా చేతిలో చెయ్యేసింది. ఊరంతా ఉమ్మేసినా దాటలేదు. నేను రోజూ చెప్దామనుకునేదాన్ని. ఒక్కరోజూ నోరు రాలేదు."

"ముందే చెప్తే ఏమయ్యేది!"

"నువ్వు అనుమానించినవాళ్లంతా మగాళ్లే కదా. నీకు అమ్మ గుర్తురాలేదు, నాకు ధైర్యం రాలేదు." రాజ్యలక్ష్మి కొంగు నడుముకి బిగించింది. "నేను చెప్తే నమ్మవు. నీ టోపీనే అడుగు. నా తల ఒక్కటే మిగిలింది, ఇందులో ఎవరూ చెయ్యి పెట్టలేదు."

ఆ రాత్రే ఇద్దరూ ల్యాబ్‌కి వెళ్లారు. తీసిన దృశ్యంలో మనిషిని మార్చడం అక్కడ చిటికెలో పని. తల్లికి టోపీ పెట్టి, హైమవతి ముందు పున్నారావు దృశ్యం వేసింది. తల్లి గీత మీద తుమ్మముల్లులా లేచింది. తర్వాత తలుపు తీసేసి గోడ పెట్టింది, పాత ఫోటోలోంచి తల్లి మొహం తీసి పెట్టింది. గోడ మీంచి వంగిన పడుచు రాజ్యలక్ష్మి, "త్వరగా ఎత్తుకోవే మాణిక్యం, రాహుకాలం వచ్చేస్తోంది" అంది.

గీత నున్నగా సాగింది. చివరిదాకా చూసింది హైమవతి, ఆవగింజంత ముల్లయినా లేస్తుందేమోనని. లేవలేదు.

"దీన్ని చెరిపేస్తానమ్మా" అంది. "ఎవరికీ తెలియదు. వాడేం పుణ్యాత్ముడు కాదుగా. చెరువు మింగాడు, గుడి భూములు మింగాడు."

"మింగినదానికి వెయ్యమను శిక్ష. మీ నాన్న మీద పడబోయిన కత్తిని పట్టుకున్న చెయ్యే అది. దానికి వేస్తావా?" తల్లి టోపీ తీసి బల్లమీద పెట్టింది. "ముందు వేటవరం పద. మాణిక్యం కాళ్లు ఇంకోసారి పట్టుకోవాలి."

*

మాణిక్యమ్మ ఇంటిముందు చెప్పులు గుట్టగా ఉన్నాయి. లోపల పసుపు కుంకుమల పళ్లాలు, పట్టుచీరల గలగల. ప్రెసిడెంటు గారి కూతురి పెళ్లికి మాణిక్యమ్మే ఎదురు రావాలని పిలవడానికి వచ్చారు. మమ్మల్ని క్షమించు వదినా అంటూ ఒకావిడ ఆమెకి గాజులు తొడుగుతోంది. ముసలి దర్జీ మూల కూర్చుని, నమ్మలేనట్టు పెళ్లాం వైపే చూస్తున్నాడు.

వాళ్లు వెళ్లాక రాజ్యలక్ష్మి నేల మీద కూర్చుని మాణిక్యమ్మ పాదాలు పట్టుకుంది.

"అయ్యో, అక్కయ్యా! ఇదేం పని!"

"నా మాట నేనే చెప్పేస్తున్నానే. నీకింక ఆ బరువు వద్దు. ఆవేళ గోడ మీంచి నిన్ను పిలిచింది నేనేనని పోలీసులకి చెప్పడానికి పోతున్నాం."

మాణిక్యమ్మ కాసేపు ఆమె మొహం చూసి, తర్వాత హైమవతి వైపు తిరిగి మెల్లిగా అంది, "అక్కయ్యకి ఒంట్లో బాగలేదా తల్లీ?"

"అత్తా, గుర్తు తెచ్చుకో. పెరటిగోడ. అమ్మ నీ చేత చేతిలో చెయ్యి వేయించుకుంది. నువ్వు మాట ఇచ్చావు."

"ఏం మాట? పిలిచింది పున్నారావు కదమ్మా. నువ్వే కదా చూపించావు." మాణిక్యమ్మ రాజ్యలక్ష్మిని లేవదీసి కన్నీళ్లు తుడిచింది. "నువ్వెందుకు పిలుస్తావు అక్కయ్యా? పిచ్చి ఆలోచనలు పెట్టుకోబాకు. నువ్వే పిలిచుంటే ఇన్నేళ్లూ నాకీ గతి పడుతుంటే చూస్తా కూర్చుంటావా? అంత పాపిష్టిదానివా నువ్వు?"

రాజ్యలక్ష్మి క్షమించమని అడగడానికి ముప్పై ఏళ్లు ఆలస్యంగా వచ్చింది. క్షమించగలిగిన మనిషి ఇప్పుడక్కడ లేదు. ఒకరి కోసం బతుకంతా కాల్చుకున్న మాణిక్యమ్మ, తాను ఎవరికోసం కాలిందో తనకే తెలియకుండా, కొత్త గాజులు తొడుక్కుని కూర్చుంది. ఆమె చేసినదాంట్లో గొప్పది అదొక్కటే. దాన్నే హైమవతి దొంగిలించింది. పగవాడి మీద విసిరిన రాయి ముందు ఈ ఇంటికే తగిలింది.

నాన్నా అని మనసులో పిలిచింది హైమవతి, ఇంకేం చెయ్యాలో తోచక. పిలుపుకి వచ్చిన మొహం నటుడు పరంధామ్‌ది. గట్టిగా కళ్లు మూసుకుంది. బుగ్గ గిల్లిన చెయ్యీ వాడిదే, నవ్వూ వాడిదే. అందరికంటే ఎక్కువసార్లు ఆ హత్యని చూసింది తనే కదా!

"పద" అంది తల్లి, పైట సర్దుకుని. "ఎవరికి గుర్తున్నా లేకపోయినా నాకుంది."

పోలీస్ స్టేషన్‌కి వెళ్తే రేపటికి ఊరు తల్లిని ఏమంటుందో హైమవతికి తెలుసు. ఇంతకాలం మాణిక్యమ్మని అన్నదే అంటుంది, చానల్ దాన్ని రోజంతా వేస్తుంది. తనని జైలుకి పంపినా పంపుతారు. అది పెద్ద సంగతి కాదు. అమ్మని తన చేత్తోనే బోనెక్కించడానికి తీసుకుపోతోంది. ముప్పై ఏళ్ల నాటి తీర్పు మళ్లీ రాయాలంటే అందులో ఈ పేరే రాయాలి.

ఇద్దరూ గుమ్మం దాకా వచ్చారు.

"ఆగండి, ఆగండి. మంచి పనికో చెడ్డ పనికో, బయల్దేరి పోతా ఒట్టినే పోతారా?" మాణిక్యమ్మ గబగబా పెరట్లోకి వెళ్లింది. కుళాయి కింద బిందె నిండిన చప్పుడైంది. ఆ వయసులోనూ బిందె నడుముకెత్తుకుని, ఇంటి చుట్టూ తిరిగి, వీధిలోంచి వాళ్లకి ఎదురుగా వచ్చి నిలబడింది. మొహం నిండా కుంకుమ, నవ్వు.

హైమవతి చూపు చేతిగడియారం మీదికి పోయింది.

"చూడబాకు" అంది రాజ్యలక్ష్మి, కూతురి మణికట్టుని అరచేత్తో కప్పేసి.

"ఇంక బయల్దేరండి" అంది మాణిక్యమ్మ. "నేను ఎదురొచ్చానుగా. అంతా శుభమే జరుగుతుంది."

రాజ్యలక్ష్మి బిందెలోని నీళ్లవైపు ఒక్కసారి చూసి, గడప దిగింది.